బడిపంతులుగా మొదలై దేశానికి శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం

ఏ విద్యాసంస్థకైనా డెబ్బయి అయిదు సంవత్సరాలు నిండడం సామాన్యమైన విషయం కాదు. రాష్ట్రం కాని రాష్ట్రంలో, చుట్టూ మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వినిపించే ముంబై మహానగరంలో, తెలుగు మాధ్యమంలో బోధిస్తూ వచ్చిన పాఠశాలకు అది మరింత విశేషం. ఈ ప్లాటినం జూబిలీ సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని పరిచయం చేయవలసిందిగా సంపాదకవర్గం వారు నన్ను కోరినప్పుడు కవులు, సంస్కర్తలు, స్వాతంత్ర్య యోధులు ఎందరో మనసులో మెదిలారు. వారిని గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన పూర్వ విద్యార్థులలోనే ఉన్నారు. అందుచేత నేను ఒక బడిపంతులును గురించి వ్రాయదలచాను. ఆయన హైదరాబాదువాసి. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. తెలిసినవారందరికీ రహీం సాహెబ్.

ఆయన జీవితం ఆధారంగా 2024లో ఒక హిందీ చలనచిత్రం వెలువడింది. దానిని చూసి వచ్చిన మన పిల్లలు కొందరు, ఆయన నిజంగానే మాస్టారా అని నన్ను అడిగారు. నిజంగానే మాస్టారు. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

మన నగరానికీ ఆయనకూ ఒక సంబంధం ఉన్నది. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి మన పెద్దలు పొట్టకూటికై బొంబాయి చేరి నూలుమిల్లులలోను, కట్టడపు పనులలోను చెమటోడ్చిన కాలమది. మన పాఠశాల తలుపులు తెరచుకున్న ఆ రోజుల్లోనే, ఇక్కడి కూపరేజ్ మైదానంలో అప్పట్లో జరిగిన సుప్రసిద్ధమైన రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీలను హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలుచుకున్నది. ఆ జట్టును తీర్చిదిద్దినవారు రహీం గారే.

బాల్యం, విద్య, ఉద్యోగం

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. ఇక్కడ ఒక్క మాట చెప్పవలసి ఉన్నది. 1918లో ఆరంభమైన ఆ విశ్వవిద్యాలయంలో ఆనాడు బోధనా మాధ్యమం ఉర్దూ. ఉన్నత విద్యను ఒక భారతీయ భాషలో బోధించిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయంగా దానికి పేరు. దేశీయ భాషలో చదివితే పిల్లవాడు ప్రపంచంలో నెగ్గుకురాగలడా అనే సందేహం మన పాఠశాలలో పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు నన్ను తరచు అడిగేదే. అప్పుడు నేను చెప్పే పేర్లలో రహీం గారి పేరు ఒకటి.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. తరువాత నగరంలోని మంచి జట్లలో ఒకటైన ఖమర్ క్లబ్బు తరఫున ఆడారు. ఆటగాడుగా మంచి పేరే ఉన్నా, ఆటను బ్రతుకుతెరువుగా చేసుకునే వీలు ఆ రోజుల్లో లేదు. ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవి ఆయన పనిచేసిన బడులు. కొంతకాలం పాఠాలు చెప్పిన తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పాఠశాల క్రీడల బాధ్యతను కూడా తలకెత్తుకున్నారు. తరగతి గది, మైదానం రెండూ ఎరిగిన మాస్టారు కావడం వల్లనే ఆయన శిక్షణ ఇతరుల శిక్షణకంటె భిన్నమైనది.

ఎడమకాలి పాఠం

హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం 1939లో ఏర్పడింది. 1940 దశకపు తొలి సంవత్సరాలలో రహీం గారు ఆ సంఘానికి కార్యదర్శి అయ్యారు. పదవి చేతికి వచ్చినవారు సాధారణంగా పెద్ద జట్ల మీద, పెద్ద కప్పుల మీద దృష్టి పెడతారు. ఆయన దృష్టి పిల్లల మీదకు పోయింది. పునాది గట్టిగా లేనిదే పై అంతస్తు నిలవదని పిల్లలతో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

పిల్లలకోసం ఆయన వింత వింత పోటీలు ఏర్పాటు చేశారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకుంటూ ఒంటరిగా ముందుకు పోవడం నిషిద్ధం. బంతి అందిన వెంటనే తోటివానికి అందించి తీరాలి. మరొక పోటీలో బంతిని బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితోను ఆడవలసినదే.

ఉపాధ్యాయులుగా ఈ రెండు నియమాలను మనం కొంచెం నిదానించి చూడవలసి ఉన్నది. ఎడమకాలితో బంతి తన్నమని పిల్లవానికి ఎంత చెప్పినా, కుడికాలు అందుబాటులో ఉన్నంతసేపు వాడు దానితోనే తన్నుతాడు. అది వాని తప్పు కాదు, మనిషి స్వభావం. అందుచేత రహీం గారు ఉపదేశాలతో సరిపెట్టుకోక ఆట నియమాన్నే మార్చారు. అందరూ బలహీనమైన కాలితో ఆడుతున్నప్పుడు ఒకడు తడబడితే నవ్వేవాడు ఉండడు. ఆ విధంగా సిగ్గుపడకుండా నేర్చుకొనే అవకాశం కలిగింది. రెండవ నియమం వల్ల, ఒక్కడి చాకచక్యం కంటె పదకొండుమంది పొందిక గొప్పదని పిల్లలు గ్రహించారు. బంతి కాలి దగ్గర నిలవకూడదంటే, అది అందక ముందే తోటివాడు ఎక్కడ ఉన్నాడో చూచుకోవాలి. తల ఎత్తి ఆడడం అలా అలవాటయింది. చిన్న చిన్న పాసులతో, ఒక్క తాకుడుతో బంతిని చేరవేసే హైదరాబాదు ఆటతీరు ఈ పిల్లల పోటీలలో పుట్టినదే.

పోలీసు జట్టు, తొలి విజయం

1950 నుంచి రహీం గారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. పోలీసు శాఖలో కొలువు చేస్తూ ఆడిన ఆ యువకులు ఆనాడు దేశంలో తిరుగులేని కలకత్తా జట్లకు సమఉజ్జీలుగా నిలిచారు. బొంబాయిలో వరుస అయిదు రోవర్స్ కప్పులను గురించి ముందే చెప్పాను. ఆ రోజుల్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు కూడా 1954లోను, 1957లోను ఆ జట్టుకే దక్కింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు అయిన తరువాత 1961లో మరొకసారి దక్కింది. జాతీయ స్థాయిలో రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సంవత్సరాలలో హైదరాబాదు గెలుచుకున్నది.

1951 మార్చిలో తొలి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. భారత జట్టు శిక్షణ బాధ్యతను రహీం గారికి అప్పగించారు. శైలేన్ మన్నా నాయకత్వంలోని మన జట్టు ఫైనల్లో ఇరాన్‌ను ఒక్క గోల్ తేడాతో ఓడించి స్వర్ణ పతకం పొందింది. ఆ గోల్ చేసినవారు సాహు మేవాలాల్. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లయినా నిండని దేశానికి అది ఎంతటి ఉత్సాహాన్ని ఇచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

హెల్సింకీ ఓటమి

మరుసటి ఏడాదే గొప్ప ఎదురుదెబ్బ తగిలింది. 1952లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 గోల్స్ తేడాతో ఓడిపోయింది. ఆ చలి దేశంలో మనవారిలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు. మన మైదానాలలో అది అలవాటు, కొంతవరకు గర్వకారణం కూడా. అక్కడ అది పనికిరాలేదు.

పరీక్ష తప్పిన పిల్లవాని విషయంలో రెండు రకాల పంతుళ్లు ఉంటారు. ప్రశ్నపత్రం కఠినంగా వచ్చిందనేవారు ఒకరు, జవాబుపత్రం తెప్పించి ఎక్కడ తప్పిందో చూచేవారు మరొకరు. రహీం గారు రెండవ రకం. ఆ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. బూట్లు తొడిగినంత మాత్రాన ఆట మారదని రహీం గారికి తెలుసు. ఆ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణం గెలిచిన జట్టు హంగరీ. వారి సెంటర్ ఫార్వర్డు ముందువరుసలో నిలబడక వెనుకకు జరిగి ఆడేవాడు. అతనిని కాపలా కాయవలసిన ఎదుటి ఆటగాడు అతని వెంట రావాలో, తన చోట ఉండాలో తెలియక తికమకపడేవాడు. ఈ పద్ధతిని రహీం గారు మన ఆటగాళ్లకు అనువుగా మలిచారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు ఉండే అమరికతో బ్రెజిల్ 1958లో ప్రపంచ కప్పు గెలిచి లోకాన్ని ఆశ్చర్యపరచింది. ఆ రోజుల్లోనే ఆ అమరికను మనవారికి అలవరచిన దూరదృష్టి రహీం గారిది.

మెల్‌బోర్న్, రోమ్

నాలుగేళ్ల శ్రమకు ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో కనిపించింది. తొలి దశలో ప్రత్యర్థిగా రావలసిన హంగరీ బరిలోకి దిగలేదు. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను వారి గడ్డ మీదనే మనవారు 4-2 తేడాతో ఓడించారు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం భారతదేశమే. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే. చివరకు 4-1తో ఓడినా, ఆ జట్టును కొంతసేపైనా కంగారుపెట్టగలగడం నాలుగేళ్లలో సాధించిన ప్రగతి. కాంస్య పతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా మీద 3-0తో ఓడి, మనవారు నాలుగవ స్థానంలో నిలిచారు.

ఆ జట్టులో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల ఆటగాళ్లు పలువురు. పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, లతీఫ్ వారిలో కొందరు. సికింద్రాబాదు వద్ద అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కథ పిల్లలకు చెప్పదగినది. నిరుపేద తమిళ కుటుంబంలో పుట్టిన ఆ కుర్రవాని ఆట రహీం గారి కంటపడింది. హైదరాబాదు వచ్చి సాధన చేయమన్నారు. రోజూ అంతదూరం రావడానికి ఆ కుర్రవాని దగ్గర డబ్బులు లేవు. సైకిలు అద్దెకు కావలసిన పైకం రహీం గారే ఇచ్చి రప్పించుకున్నారు. బలరాం ఇరవయ్యేళ్ల వయస్సులో మెల్‌బోర్న్ వెళ్లారు. తరువాత దేశంలోని అత్యుత్తమ ఫార్వర్డులలో ఒకరై, 2023లో కన్నుమూశారు. అద్దె సైకిలు చక్రాల మీద ఒక పిల్లవాని తలరాత మారడం మన వృత్తిలో అప్పుడప్పుడు జరిగే అద్భుతం. అది జరగాలంటే పిల్లవాడు ఎందుకు రాలేకపోతున్నాడో అడిగి తెలుసుకొనే మాస్టారు ఉండాలి.

1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు హంగరీ మీద 2-1తో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమంగా ముగించి, పెరూ మీద 3-1తో ఓడి వెనుదిరిగింది. ఆ జట్టుకు ఎంపికైనవారిలో రహీం గారి కుమారుడు ఎస్.ఎస్. హకీం కూడా ఉన్నారు. మూడు ఆటలు జరిగినా ఆయనకు బరిలో దిగే అవకాశం రాలేదు. శిక్షకుడు తండ్రి అయిన చోట అది గమనింపదగిన సంగతి. హకీం గారు తరువాత అంతర్జాతీయ రెఫరీగా స్వయంకృషితో పేరు తెచ్చుకున్నారు.

జకార్తా

1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు రహీం గారి జీవితంలో చివరి గొప్ప ఘట్టం. ఆరంభం బాగా లేదు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మీద మనవారు 2-0తో ఓడిపోయారు. తరువాత థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను ఓడించి కోలుకున్నారు. కాని థాయిలాండుతో జరిగిన ఆటలో వెనుకవరుసకు వెన్నెముక వంటి జర్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడ్డాయి.

ఆయనను కూర్చోబెట్టడమా, ఆడించడమా? రహీం గారు మూడవ మార్గం ఆలోచించారు. వెనుకవరుసలో ఆడే జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. తలకు కట్టుతోనే ఆడిన ఆయన, దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన సెమీఫైనల్లో ఒక గోల్, ఫైనల్లో మరొక గోల్ చేశారు. పిల్లవానిలో మనం చూడని శక్తి ఇంకొకటి ఉండవచ్చునని నమ్మగలవారికే ఇటువంటి ఆలోచన తడుతుంది.

ఫైనల్ నాటి పరిస్థితి మరింత క్లిష్టమైనది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టారు. దానితో అక్కడి జనం మన దేశం మీద ఆగ్రహించారు. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. 1962 సెప్టెంబరు 4న ఫైనల్లో ఆటగాళ్లు అడుగుపెట్టినప్పుడు కిక్కిరిసిన స్టేడియం మొత్తం వారికి వ్యతిరేకంగా కేకలు వేస్తున్నది. ఎదుట ఉన్నది తమను ముందే ఓడించిన దక్షిణ కొరియా. ఆట మొదలైన ఇరవై నిమిషాలలోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేశారు. చివరలో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చినా, చునీ గోస్వామి నాయకత్వంలోని మన జట్టు 2-1తో నెగ్గి స్వర్ణం గెలుచుకున్నది. బెంగాలీలు, పంజాబీలు, తమిళులు, హైదరాబాదీలు కలిసి ఆడిన జట్టు అది. వారినందరిని ఒక్క మాట మీద నడిపినవారు ఉర్దూ బడులలో పనిచేసిన మాస్టారు.

అస్తమయం

ఆ విజయం తరువాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న కాన్సరు వ్యాధితో రహీం గారు పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు యాభై మూడేళ్లు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారాన్ని భారత ప్రభుత్వం నెలకొల్పినది 1985లో. అంతకు ఇరవై రెండేళ్ల ముందే ఆయన వెళ్లిపోయారు.

ఆయన తరువాత 1964 ఆసియా కప్పులో రెండవ స్థానం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం మనకు దక్కాయి. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మాత్రం 1962 తరువాత మళ్లీ మన దేశానికి రాలేదు. పురుషుల ఫుట్‌బాల్‌లో మన జట్టు ఒలింపిక్ క్రీడలకు 1960 తరువాత వెళ్లలేదు. ఇందుకు కారణాలు అనేకం. అన్నిటినీ ఒక్క వ్యక్తి మరణానికి అంటగట్టడం న్యాయం కాదు. అయితే పిల్లల పోటీలతో మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ వచ్చే ఓపిక కరవైతే ఏమవుతుందో మాత్రం తెలుస్తున్నది.

మనకు మిగిలినది

నేను వృత్తిరీత్యా సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయినిని. ఒక తప్పును ఈ సందర్భంలో ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మరొక పాఠశాలలో, పదవ తరగతి వారి ఆటల పీరియడును ఏడాది పొడుగునా తీసుకొని నా సిలబసు పూర్తి చేసేదానిని. అలా చేయగలిగినందుకు గర్వపడేదానిని కూడా. ఆ తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. పాఠంలో ఎప్పుడూ తలవంచుకొని కూర్చునేవాడు. ఆటలో మాత్రం పదిమందిని కూడగట్టి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పి, ఓడినవానిని ఓదార్చి ఆడించేవాడు. ఆ ఒక్క గంటనే నేను వాని దగ్గర లాక్కున్నాను. ఏడాది మధ్యలోనే వాడు బడి మానివేశాడు. అందుకు నేనే కారణమని చెప్పలేను. కాని వాడు బడికి రావడానికి ఉన్న కారణాలలో ఒకదానిని నేను తీసివేశానన్నది నిజం. రహీం గారి జీవితం చదివినప్పుడల్లా ఆ పిల్లవాడు నాకు గుర్తుకు వస్తాడు.

నేడు తెలుగు మాధ్యమ పాఠశాలల్లో పిల్లల సంఖ్య తగ్గుతున్నది. మన బడి ఇందుకు మినహాయింపు కాదు. ఉన్న కొద్దిమంది చేతనైనా ఎక్కువ మార్కులు తెప్పించాలనే ఆత్రుత తల్లిదండ్రులకూ, మాకూ సహజం. ఆ ఆత్రుతలో మొదట బలి అయ్యేది ఆటల గంటే. అందుచేత ఈ జూబిలీ సంవత్సరం నుంచి ఆటల పీరియడును ఏ పాఠ్యాంశానికీ ఇవ్వరాదని మా ఉపాధ్యాయవర్గం నిర్ణయించింది. నా సాంఘిక శాస్త్రానికి కూడా ఇందులో మినహాయింపు లేదు. పూర్వ విద్యార్థులు సెలవు రోజులలో వచ్చి పిల్లలతో ఆడితే మాకు సంతోషం. తల్లిదండ్రులు తమ బిడ్డ ఆట చూడడానికి ఒక్క సాయంత్రమైనా మైదానానికి రావలసిందిగా నా మనవి.

వచ్చినప్పుడు, పిల్లలందరూ బలహీనమైన కాలితో తడబడుతూ బంతి తన్నుతుంటే నవ్వకండి. ఆ పోటీ మేమే పెట్టాము.

— ప్రధానోపాధ్యాయిని